ఉపగ్రహం చెప్పే ఉష్ణోగ్రత: వాతావరణ సూచనలో దాని స్థానం, విస్తరణలో దాని పరిమితి

హైదరాబాదు తూర్పు భాగంలో సంతోష్‌నగర్, చంపాపేట్, ఎల్.బి.నగర్, హయత్‌నగర్ పడమర నుంచి తూర్పుకు ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. సంతోష్‌నగర్‌లో కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ ఉన్నది. ఆ సంస్థ పరిశోధన క్షేత్రం హయత్‌నగర్‌లో ఉన్నది. నడుమనున్న చంపాపేట్ పూర్తిగా ఇళ్ళతో నిండిన ప్రాంతం. ఏప్రిల్ నెలలో పగటివేళ తీసిన ఉష్ణ పరారుణ ఉపగ్రహ చిత్రాన్ని విద్యార్థుల ముందుంచి ఈ దారిని చూపితే వారు ఆశ్చర్యపడతారు. కాంక్రీటు ఇళ్ళ చంపాపేట్ కంటె హయత్‌నగర్ అవతల బీడుపడిన చెలకలే తరచు ఎక్కువ వేడిగా కనిపిస్తాయి. రాత్రి చిత్రంలో ఈ వరుస తిరగబడుతుంది. చెలకలు చల్లబడి ఉంటాయి, చంపాపేట్ ఇంకా వేడిగానే ఉంటుంది.

అప్పుడు సహజంగా ఒక ప్రశ్న వస్తుంది. చిత్రంలో 50 డిగ్రీలు దాటిన చెలక ఉన్నది, అదే రోజు వాతావరణ కేంద్రం గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీలని ప్రకటించింది. ఈ రెండింటిలో ఏది నిజం? రెండూ నిజమే. అయితే అవి రెండు వేర్వేరు వస్తువుల ఉష్ణోగ్రతలు. ఉపగ్రహ ఉష్ణోగ్రత మన చేతికి రెండు దారులలో వస్తున్నది. ఒకటి వాతావరణ సూచన ద్వారా, రెండవది నేరుగా చిత్రపటంగా. మొదటి దారిలో ఆ కొలత పరీక్షలకు గురై, ఇతర కొలతలతో తూగి, సవరణ పొంది వస్తుంది. రెండవ దారిలో ఆ పరీక్ష బాధ్యత చిత్రాన్ని చదివేవారి మీదనే పడుతుంది. ఈ భేదాన్ని గుర్తించక ఇచ్చిన సలహా రైతుకు నష్టం కలిగించగలదు. ఆ భేదాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఉపగ్రహం నిజంగా కొలిచేది

ఉపగ్రహంలో ఉష్ణమాపకం లేదు. అది కొలిచేది వికిరణాన్ని మాత్రమే. పరమ శూన్యానికి పైన ఉన్న ప్రతి వస్తువు తన ఉష్ణోగ్రతను బట్టి వికిరణాన్ని వెలువరిస్తుంది. 27 డిగ్రీల సెల్సియస్ వద్ద, అనగా 300 కెల్విన్ వద్ద, ఈ వికిరణం 9.7 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర గరిష్ఠంగా ఉంటుంది. భూమిని గమనించే పరికరాలు 10 నుంచి 12.5 మైక్రోమీటర్ల పట్టీని ఎంచుకోవడానికి కారణం ఇదే. పైగా మేఘాలు లేనప్పుడు ఆ పట్టీలో వాతావరణం చాలావరకు పారదర్శకంగా ఉంటుంది. అందువల్ల దానిని వాతావరణ గవాక్షం అంటారు.

అందిన వికిరణాన్ని ప్లాంక్ సూత్రంలో ఉంచి ఉష్ణోగ్రతగా మారుస్తారు. ఇక్కడ రెండు సవరణలు తప్పనిసరి. మొదటిది ఉద్గారకత. ఒకే ఉష్ణోగ్రత వద్ద ఆదర్శ కృష్ణ వస్తువు వెలువరించే వికిరణంలో నిజ వస్తువు ఎంత భాగాన్ని వెలువరిస్తుందో ఉద్గారకత చెబుతుంది. నీటికి, దట్టమైన పచ్చని పైరుకు అది 0.98 చుట్టూ ఉంటుంది. పొడి నేలలకు అంతకంటె తక్కువ. మెరిసే లోహపు రేకులకు మరీ తక్కువ. కాబట్టి కొత్త జింకు రేకుల కప్పు ఎండలో కాలుతున్నా చిత్రంలో చల్లగా కనిపించవచ్చు. 11 మైక్రోమీటర్ల వద్ద, 300 కెల్విన్ దగ్గర, ఉద్గారకతను ఒక శాతం తప్పుగా తీసుకుంటే, పరావర్తిత వికిరణాన్ని పక్కన పెట్టి లెక్కిస్తే, ఉష్ణోగ్రతలో సుమారు 0.7 డిగ్రీల దోషం వస్తుంది. రెండవది తేమ సవరణ. గవాక్షంలో కూడ నీటి ఆవిరి కొంత వికిరణాన్ని పీల్చుకుంటుంది. 11, 12 మైక్రోమీటర్ల వద్ద ఈ శోషణ వేర్వేరుగా ఉంటుంది గనుక, ఆ రెండు కొలతల వ్యత్యాసం నుంచి తేమ ప్రభావాన్ని అంచనా వేసి తొలగిస్తారు.

వాతావరణాన్ని పొరలుగా చదవడం

పై విధంగా వచ్చేది నేల చర్మపు ఉష్ణోగ్రత. సూచనకు అంతకంటె ముఖ్యమైనది నేల నుంచి పైకి గాలి పొరల ఉష్ణోగ్రత. మేఘం ఎదుగుతుందా, ఉరుములతో వాన పడుతుందా అనేది ఆ నిలువు విన్యాసమే నిర్ణయిస్తుంది. పైనుంచి చూసే పరికరానికి నడిమి పొర ఎలా తెలుస్తుంది?

చెరువును తలచుకుంటే ఇది బోధపడుతుంది. తేట నీటిలో అడుగు కనిపిస్తుంది. కొద్దిగా మట్టి కలిసిన నీటిలో చూపు కొంత లోతు వరకే పోతుంది. బురద నీటిలో పైపొర తప్ప మరేమీ కనిపించదు. వాతావరణం కూడ ఒక్కొక్క తరంగదైర్ఘ్యానికి ఒక్కొక్క రకమైన నీరు వంటిది. బొగ్గుపులుసు వాయువు 15 మైక్రోమీటర్ల వద్ద వికిరణాన్ని గట్టిగా పీల్చుకుంటుంది. అక్కడ చూస్తే ఎగువ పొరలే కనిపిస్తాయి. ఆ తరంగదైర్ఘ్యం నుంచి కొద్దికొద్దిగా పక్కకు జరిగిన కొద్దీ చూపు కిందికి దిగుతుంది. ఈ వాయువు గాలిలో దాదాపు సమంగా కలిసి ఉంటుంది గనుక, వచ్చిన వికిరణంలోని తేడాలను ప్రధానంగా ఉష్ణోగ్రతకు ఆపాదించవచ్చు. ఈ పద్ధతిని 1959లో లూయిస్ కాప్లాన్ ప్రతిపాదించారు. 1969లో ప్రయోగించిన నింబస్-3 ఉపగ్రహం దీనిని ఆచరణలో చూపింది.

పరారుణ కిరణాలకు ఒక పెద్ద అవరోధం మేఘం. మనకు సూచన అత్యవసరమైన జూన్–సెప్టెంబరు నెలలలోనే ఆకాశం మేఘావృతమై ఉంటుంది. ఈ లోటును సూక్ష్మతరంగాలు తీరుస్తాయి. 50 నుంచి 60 గిగాహెర్ట్జ్‌ల మధ్య ఆక్సిజన్ శోషణ పట్టీ ఉన్నది. వాన కురిపించని మేఘాల గుండా ఈ తరంగాలు చాలావరకు సాగిపోతాయి. 1998లో నోవా-15 ఉపగ్రహంతో మొదలైన ఎ.ఎం.ఎస్.యు. పరికరాలు ఈ పని చేస్తున్నాయి. వాటి చూపు సూక్ష్మమైనది కాదు. ఉపగ్రహానికి సరిగ్గా కింద కూడ ఒక్కొక్క కొలత సుమారు 48 కిలోమీటర్ల వెడల్పు ప్రాంతానికి చెందుతుంది. పరారుణంలో 2002 నాటి ఎయిర్స్ పరికరం 2378 మార్గాలలోను, 2006 నాటి ఐయాసి పరికరం 8461 మార్గాలలోను కొలతలు తీయగలిగాయి. మార్గాలు పెరిగిన కొద్దీ పొరలను విడదీసే శక్తి పెరుగుతుంది.

మన ఉపగ్రహాలు

భారత వాతావరణ ఉపగ్రహాలలో సౌండర్ పరికరంతో వెళ్ళిన మొదటిది ఇన్సాట్-3డి. దానిని 2013 జూలై 26న ప్రయోగించారు. 2016 సెప్టెంబరు 8న ఇన్సాట్-3డిఆర్, 2024 ఫిబ్రవరి 17న ఇన్సాట్-3డిఎస్ శ్రీహరికోట నుంచి వెళ్ళాయి. వీటిలో 6 మార్గాల ఇమేజర్, 19 మార్గాల సౌండర్ ఉన్నాయి. సౌండర్ మార్గాలలో 18 పరారుణంలోను, ఒకటి దృశ్య కాంతిలోను ఉన్నవి. ఇమేజర్ ఉష్ణ పరారుణ చిత్రంలో ఒక్కొక్క గడి 4 కిలోమీటర్లు, సౌండర్‌లో 10 కిలోమీటర్లు.

ఇవి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున భూస్థిర కక్ష్యలో ఉండి మన ప్రాంతాన్ని ఎడతెగక చూస్తాయి. ధ్రువ కక్ష్య ఉపగ్రహాలు సుమారు 700 నుంచి 850 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ రోజుకు కొద్దిసార్లు మాత్రమే మన మీదుగా పోతాయి. కాని సూక్ష్మతరంగ కొలతలు వాటినుంచే వస్తున్నవి. సూక్ష్మతరంగాల తరంగదైర్ఘ్యం పెద్దది. 36,000 కిలోమీటర్ల దూరం నుంచి తగినంత వివరం రావాలంటే చాలా పెద్ద యాంటెన్నా కావాలి. అందువల్ల భూస్థిర, ధ్రువ కక్ష్యలు రెండూ అవసరమే. ఒకటి తరచుదనాన్ని ఇస్తుంది, మరొకటి మేఘం లోపలి చూపును ఇస్తుంది.

కొలత సూచనగా మారే విధం

ఒకప్పుడు వికిరణం నుంచి ఉష్ణోగ్రతను గణించి, ఆ ఉష్ణోగ్రతను సూచన నమూనాకు అందించేవారు. ఆ గణనలో చేరిన ఊహలు, దోషాలు కూడ నమూనాలోకి ప్రవేశించేవి. 1990వ దశకం నుంచి ప్రధాన సూచన కేంద్రాలు వికిరణాన్నే నేరుగా స్వీకరించసాగాయి. నమూనా తన తాజా అంచనాలోని వాతావరణాన్ని తీసుకుని, 'వాతావరణం ఇలాగే ఉంటే ఉపగ్రహానికి ఎంత వికిరణం అందాలి?' అని లెక్క కడుతుంది. అందిన దానికి, అందవలసిన దానికి గల తేడాను బట్టి అంచనాను సవరిస్తుంది. దీనిని దత్తాంశ సమీకరణ అంటారు.

ఈ సవరణలో ఎవరి మాటకు ఎంత విలువ ఇవ్వాలన్నది దోష పరిమాణం తేలుస్తుంది. విద్యార్థుల సౌలభ్యం కోసం ఒక ఊహాత్మక ఉదాహరణ. ఒక గాలి పొర 20 డిగ్రీలని నమూనా అంచనా వేసింది, ఉపగ్రహ కొలత 22 డిగ్రీలని సూచించింది. నమూనా ప్రామాణిక దోషం 1 డిగ్రీ, కొలత ప్రామాణిక దోషం 2 డిగ్రీలు. దోషాల వర్గాలు 1, 4. కొలతకు దక్కే వాటా 1/(1+4), అనగా 0.2. కాబట్టి సవరించిన విలువ 20 + 0.2 × 2 = 20.4 డిగ్రీలు. రెండింటి దోషాలు సమానమైతే ఫలితం 21 డిగ్రీలయ్యేది. నిజ నమూనాలో ఇటువంటి తూనిక కోట్ల సంఖ్యలో గల విలువలకు ఒకేసారి, ఒకదానితో ఒకటి సంబంధం తెగకుండా జరుగుతుంది. మనదేశంలో 1988లో ఏర్పడిన జాతీయ మధ్యకాలిక వాతావరణ సూచన కేంద్రం ఈ రంగంలో కృషి చేస్తున్నది.

ఉపగ్రహ పరికరాలకు కాలక్రమాన పక్షపాతం ఏర్పడుతుంది. ఒకే దిశలో కొద్దికొద్దిగా ఎక్కువో తక్కువో చూపసాగుతాయి. దానిని పసిగట్టడానికి నమ్మకమైన కొలత వేరొకటి ఉండాలి. బెలూన్లతో పైకి పంపే రేడియోసాండ్ అటువంటిది. హైదరాబాదు, విశాఖపట్నం, మచిలీపట్నం వంటి కేంద్రాలకు నేటికీ ఉన్న ప్రాముఖ్యం ఇక్కడే తెలుస్తుంది. రేడియోసాండ్ ప్రామాణిక పరిశీలన వేళలు మన కాలమానంలో ఉదయం 5.30, సాయంత్రం 5.30. ఉపగ్రహం వచ్చినందువల్ల బెలూన్ పాతబడలేదు, దాని సాక్ష్యం విలువ ఇంకా పెరిగింది.

బెలూన్ లేని సముద్రం మీద

నేల మీద బెలూన్ కేంద్రాలున్నాయి, బంగాళాఖాతం మధ్యలో లేవు. మన తుపానులు పుట్టేది అక్కడే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన నాటికి భారతదేశానికి స్వంత భూస్థిర వాతావరణ ఉపగ్రహం లేదు. వేలాది ప్రాణాలు పోయాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం వద్ద తీరం దాటేనాటికి ఇన్సాట్-3డి కక్ష్యలో ఉన్నది, ధ్రువ కక్ష్యల నుంచి సౌండర్ కొలతలు నమూనాలకు అందుతున్నవి. తీరప్రాంతాలకు రోజుల ముందే హెచ్చరిక అందింది, లక్షలాది ప్రజలను తరలించగలిగారు. ఆస్తి నష్టం అపారమైనా ప్రాణనష్టం దివిసీమతో పోల్చదగినది కాదు. ఈ మార్పుకు రాడార్లు, రహదారులు, ఫోన్లు, పరిపాలనా సన్నద్ధత కూడ కారణాలే. ఐతే సముద్రం మీది గాలి పొరల స్థితిని నమూనాకు తెలియజేయడంలో ఉపగ్రహ కొలతకు సాటి వచ్చేది లేదు.

తుపాను తీవ్రతను గుర్తించడంలోను ఉష్ణోగ్రతే ఆధారం. మేఘ శిఖరాలు ఎంత చల్లగా ఉంటే అవి అంత ఎత్తు పెరిగినట్లు. తుపాను కన్ను దాని చుట్టు మేఘాలకంటె ఎంత వెచ్చగా ఉంటే తుపాను అంత బలమైనది. కృష్ణా, గోదావరి డెల్టాలలో నవంబరులో వరి కోతకు వచ్చిన రైతుకు రెండు రోజుల ముందు అందే హెచ్చరిక అంటే, కోసిన పనలను కుప్ప వేయడమా, కోత ఆపడమా అన్న నిర్ణయం. అంతరిక్షంలోని వికిరణ కొలత చివరకు చేరేది ఆ నిర్ణయానికే.

చెలక వేడి, గాలి వేడి

ఇప్పుడు రెండవ దారికి, చిత్రపటానికి, తిరిగి వద్దాము. వాతావరణ కేంద్రం ప్రకటించే ఉష్ణోగ్రత స్టీవెన్సన్ పెట్టె నీడలో, నేలకు సుమారు 1.2 మీటర్ల ఎత్తున, గాలి ఆడే చోట కొలిచినది. ఉపగ్రహ చిత్రంలో ఉన్నది ఎండ తగిలే పైపొర ఉష్ణోగ్రత. పొడి ఎర్ర చెలక పైపొరలో తేమ లేదు. ఆవిరి కావడానికి నీరు లేనందున అందిన ఎండ వేడి చాలావరకు ఆ పలుచని పొరనే కాల్చుతుంది. కాంక్రీటు ఆ వేడిని లోపలికి ఇముడ్చుకుంటుంది, భవనాలు ఒకదానిమీద ఒకటి నీడ వేసుకుంటాయి. రాత్రి ఇముడ్చుకున్న వేడిని కాంక్రీటు విడుస్తుంది, చెలక తొందరగా చల్లబడుతుంది. చంపాపేట్, హయత్‌నగర్‌ల వరుస పగలు ఒక విధంగా, రాత్రి మరొక విధంగా ఉండడానికి కారణం ఇదే.

2022 ఏప్రిల్ 29న ఐరోపా అంతరిక్ష సంస్థకు చెందిన సెంటినెల్-3 ఉపగ్రహం అహమదాబాదు సమీపంలో నేల ఉష్ణోగ్రత సుమారు 65 డిగ్రీలని చూపింది. అది నేల ఉష్ణోగ్రత. ఇటువంటి చిత్రాలు ప్రచారంలోకి రాగానే గాలి ఉష్ణోగ్రతగా పొరబడేవారు ఉంటారు. వడగాలిని నిర్ణయించేది గాలి ఉష్ణోగ్రత మాత్రమే. భారత వాతావరణ శాఖ ప్రమాణం ప్రకారం మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరి, సాధారణం కంటె 4.5 నుంచి 6.4 డిగ్రీలు అధికంగా ఉంటే వడగాలి. గరిష్ఠ ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరినా వడగాలియే. 2015 మే నెల వడగాలులలో రెండు తెలుగు రాష్ట్రాలు ఎన్ని ప్రాణాలు కోల్పోయాయో మనకు తెలుసు. అటువంటి హెచ్చరికకు ఉన్న విలువను తప్పు సంఖ్యలతో పలుచన చేయరాదు.

గడి పరిమాణం తెచ్చే చిక్కు మరొకటి. 4 కిలోమీటర్ల గడిలో సగం బోరు కింద యాసంగి వరి, సగం బీడు చెలక ఉన్నవనుకొందాము. వరి పైభాగం 32 డిగ్రీలు, చెలక 52 డిగ్రీలు. ఉద్గారకతలు సమానమనుకుంటే గడి మొత్తానికి వచ్చే విలువ 42 డిగ్రీలకు కాస్త పైన. ఆ గడిలో 42 డిగ్రీల వస్తువు ఏదీ లేదు. ఆ సంఖ్యను చూసి పూత దశలో ఉన్న వరికి వేడి దెబ్బ తగిలిందని ప్రకటిస్తే రైతు అవసరం లేకున్నా బోరు నడుపుతాడు. దీనికి విరుద్ధంగా తడి నేలలు ఎక్కువగా ఉన్న గడి చల్లగా కనిపించినందున నిశ్చింతగా ఉంటే, నిజంగా బెట్టకు గురైన పొలం లెక్కలోకి రాకుండా పోతుంది.

విస్తరణలో పాటించవలసినవి

మొదటిది, రాబోయే రోజుల గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలకు ఉపగ్రహ చిత్రాన్ని ఆధారం చేసుకోరాదు. మంగళ, శుక్రవారాలలో వెలువడే వ్యవసాయ వాతావరణ సలహా పత్రాలలోని ఐదు రోజుల సూచననే తీసుకోవాలి. ఉపగ్రహ కొలత అందులో ఇదివరకే తన వాటా పొంది ఉన్నది. వరి పూత విచ్చుకునే వేళ ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే తాలు పెరిగే ప్రమాదమున్నది. ఈ హద్దును గాలి ఉష్ణోగ్రతతోనే పోల్చాలి.

రెండవది, జిల్లా సూచనను మండలానికి అన్వయించేటప్పుడు స్థానిక పరిశీలనతో సరిచూడాలి. తెలంగాణలో వెయ్యికి పైగా స్వయంచాలిత వాతావరణ కేంద్రాలున్నవి. గడచిన వారం సూచన, ఆ మండల కేంద్రపు కొలత పక్కపక్కన రాసి చూస్తే సూచన ఎటువైపు ఎంత తప్పుతున్నదో తెలుస్తుంది. విద్యార్థులు ఒక ఋతువు పొడవునా ఈ పట్టిక నిర్వహిస్తే అదే మంచి పరిశోధనాంశం కాగలదు.

మూడవది, చిత్రపటానికి కూడ తగిన స్థానం ఉన్నది. పైరు పైభాగపు ఉష్ణోగ్రత గాలికంటె ఎంత ఎక్కువ ఉన్నదో చూసి బెట్టను గుర్తించే పద్ధతి 1981 నుంచి ప్రసిద్ధం. నీరందిన పైరు ఆవిరి విడుస్తూ చల్లగా ఉంటుంది, నీరందని పైరు వేడెక్కుతుంది. ఇందుకు పెద్ద గడుల చిత్రం పనికిరాదు. ల్యాండ్‌శాట్-8, 9 ఉపగ్రహాల ఉష్ణ మార్గాలు 100 మీటర్ల వివరంతో కొలుస్తాయి. రెండూ కలిసి 8 రోజులకొకసారి మన మీదుగా పోతాయి. ఆ రోజు మేఘం ఉండరాదు.

నాల్గవది, చలికాలపు రాత్రులు. మేఘాలు లేక గాలి స్తంభించిన డిసెంబరు, జనవరి రాత్రులలో నేల పైపొర స్టీవెన్సన్ పెట్టెలోని గాలికంటె చల్లగా ఉంటుంది. యాసంగి వరి నారుమడి ఉన్నది ఆ పైపొర దగ్గరనే. ఆదిలాబాదు వంటి జిల్లాలలో రాత్రి ఉపగ్రహ చిత్రం చూపే చల్లని పల్లపు ప్రాంతాలు పెట్టె చెప్పని సంగతి చెప్పగలవు. అక్కడ నారుమళ్ళపై రాత్రిపూట పాలిథీన్ పట్టా కప్పమని, ఉదయం చల్లని నీటిని తీసి కొత్త నీరు పెట్టమని ముందుగా చెప్పవచ్చు. పగటి చిత్రం తప్పుదారి పట్టించగల సందర్భాలున్నట్లే, రాత్రి చిత్రం దారి చూపే సందర్భాలూ ఉన్నవి.

చివరగా, ఏ ఉష్ణోగ్రతా సంఖ్య చేతికి వచ్చినా నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. అది గాలిదా, నేలదా? ఏ వేళది? ఎంత విస్తీర్ణానికి చెందినది? ఆ వేళ ఆకాశం నిర్మలంగా ఉన్నదా? ఈ నాలుగింటికి సమాధానం లేని సంఖ్యను రైతు ముందుంచరాదు. సూచన నమూనా కూడ కొత్త కొలతను ఇలాగే ప్రశ్నించి, దాని దోషాన్ని తూచి, తరువాతే స్వీకరిస్తున్నది. గణనయంత్రం పాటించే ఆ జాగ్రత్తను మనం పాటించకపోవడానికి కారణం లేదు. ఒకసారి అనవసరంగా బోరు నడిపించిన సలహా, ఒకసారి తగిన వేళకు అందని హెచ్చరిక, ఈ రెండింటిని రైతు చాలాకాలం మరువడు. మరుసటి ఏడు మన మాట చెవిన పెట్టాలా వద్దా అని అతడు వాటిని బట్టే తేల్చుకుంటాడు.